జోమ్‌సోమ్‌లో పెత్తనం గాలిదే

పొఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానంలో దాదాపు 20 నిమిషాలు. ఎడమ పక్క 8,167 మీటర్ల ధవళగిరి, కుడి పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ, నడుమ కాళీ గండకీ నది కోసిన లోయ. ఇంత చిన్న ప్రయాణానికి ఇంత పెద్ద దృశ్యం మరెక్కడా దొరకదేమో. కానీ కిటికీ సీటు కోసం పోటీపడేవారిలో చాలామందికి, ఈ విమానాలన్నీ పొద్దున్నే ఎందుకు హడావుడి పడతాయో తెలియదు.

కారణం గాలి. ఎండ ఎక్కేకొద్దీ ఉత్తరాన ముస్తాంగ్ బీడు నేలలు వేడెక్కి, అక్కడి గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి దక్షిణం నుంచి చల్లగాలి ఇరుకు లోయ గుండా దూసుకొస్తుంది. మధ్యాహ్నానికి దాని వేగం గంటకు 50, 60 కిలోమీటర్లు. దగ్గర్లోని మార్ఫా గ్రామంలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, సన్నటి సందులతో కనిపించేది అందుకే. ఇక్కడి థకాలీలు గాలికి వీపు పెట్టి ఇళ్లు కట్టుకున్నారు. విమానానికి ఆ సౌకర్యం లేదు.

రన్‌వే పొడవు 740 మీటర్లు. ఎత్తు సుమారు 2,700 మీటర్లు కాబట్టి గాలి పలుచన, విమానం నేలను తాకే వేగం మైదానాల్లో కంటే ఎక్కువ. గాలి లోయ వెంటే వీస్తుంది గనుక రన్‌వేకు నేరుగా అడ్డం రావడం తక్కువే. అయితే కొండ మలుపులకు తగిలి సుడి తిరిగితే ఏ క్షణాన ఏ పక్క నుంచి తోస్తుందో చెప్పడం కష్టం.

పక్కగాలిలో దిగే పైలట్ ముక్కును గాలివైపు కాస్త తిప్పి, పీతలా ఏటవాలుగా వస్తాడు. చక్రాలు ఆనడానికి ముందు రడ్డర్ తొక్కి ముక్కును సూటి చేయాలి. అదే సమయంలో గాలివైపు రెక్కను కొంచెం వంచి పట్టుకోవాలి. చక్రాలు ఆనగానే ప్రయాణికులు ఊపిరి పీల్చుకుంటారు. అసలు గండం అప్పుడే మొదలవుతుంది. బరువు ఇంకా పూర్తిగా చక్రాల మీద పడదు. వేగం తగ్గేకొద్దీ రడ్డర్ పట్టు సడలుతుంది. నిలువెత్తు తోకను గాలి ఒక పక్కకు నెడితే ముక్కు గాలివైపు తిరుగుతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో దిగే చిన్న విమానానికి 40 కిలోమీటర్ల పక్కగాలంటే తన వేగంలో మూడో వంతు. 240తో దిగే జెట్‌కు అది ఆరో వంతే.

నేల మీద పట్టు తప్పితే ఏమవుతుందో 2013 మే 16న జోమ్‌సోమ్ చూసింది. 21 మందితో పొఖరా నుంచి వచ్చిన నేపాల్ ఎయిర్‌లైన్స్ ట్విన్ ఆటర్ దిగాక కుడివైపు మళ్లి, రన్‌వే అంచు దాటి, కాళీ గండకీ ఒడ్డున పడింది. గాయాలైనా అందరూ బతికారు. అప్పటికి సమయం ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతం, గాలి ఇంకా పూర్తిగా లేవని వేళ.

అదృష్టం ప్రతిసారీ కలిసిరాలేదు. 2012 మే 14న అగ్ని ఎయిర్ డోర్నియర్ ఇక్కడికి దగ్గర్లోనే కొండను ఢీకొని 15 మంది పోయారు, వారిలో ఎక్కువమంది భారతీయ యాత్రికులు. 2022 మే 29న తారా ఎయిర్ విమానంలోని 22 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఈ రెండింటినీ ల్యాండింగ్ గాలి ఖాతాలో వేయలేం. కానీ దారి ఒకటే, తొందర కూడా ఒకటే.

ఆ తొందర చాలావరకు ముక్తినాథుడిది. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఇదొకటి. తెలుగు ఇళ్లలో దేవుడి గూట్లో ఉండే సాలగ్రామాలు ఈ నదిలోవే. వారం సెలవు పెట్టుకుని వచ్చిన యాత్రికుడికి పొఖరాలో పొగమంచు వల్ల గంట ఆలస్యమంటే చిరాకు. ఆ గంటను సాయంత్రం నుంచి అరువు తెచ్చుకునే వీలు లేదు, చివరి విమానాలు రద్దు కావాల్సిందే. పైలట్ రడ్డర్ మీద కాలు పెట్టకముందే, టికెట్ కౌంటర్ దగ్గర జరిగే ఆ వాదనలోనే సగం భద్రత తేలిపోతుంది. అక్కడ కాదని చెప్పగల ఉద్యోగికి ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు.

రద్దయిన టికెట్‌తో బేని మీదుగా జీపు ఎక్కితే దాదాపు రోజంతా ప్రయాణం, వానాకాలంలో కొండచరియలు అదనం. ఈలోగా మధ్యాహ్నపు జోమ్‌సోమ్‌లో విమానాలుండవు. బిగిసి ఊగే విండ్‌సాక్, రన్‌వే మీద పరుగెత్తే దుమ్ము, అంతే.