గుమ్మం ముందు ఊరు

ఊరూ వాడా – 23

ఈ మధ్య కొత్త ఇళ్ళ గుమ్మాల ముందు ఊరు మొలుస్తోంది. మా నర్సీపట్నంలోనూ అంతే. ఏ గృహప్రవేశానికి వెళ్ళినా లోపల ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ కిచెన్. బయట మాత్రం గోడకి ఆనించిన బండి చక్రం, ఇత్తడి గంగాళంలో నీళ్ళమీద బంతిపూలు, వరసగా మేకులకి కొట్టిన చేటలు, వెలగని లాంతరు, గేటు మీద చిన్న తాటాకు చూరు. చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి కార్లన్నీ మా ఊరి మీదుగానే వెళ్తాయి. వాళ్ళు దిగే బసల ముందు కూడా ఇదే ముస్తాబు. దీనికి 'విలేజ్ లుక్' అని పేరు.

పోయిన వారం డిగ్రీ క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, మీరూ ఇల్లు కడుతున్నారు కదా, గుమ్మం దగ్గర విలేజ్ లుక్ పెట్టిస్తారా?" బెల్లు కొట్టే లోపల అయిదు నిమిషాల్లో ఏదో చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. నాకు అందమంటే విరోధం లేదు. మట్టి, చెక్క, వెదురు, తాటాకు అంటే ఇంకా లేదు. నా ప్రశ్న ఒక్కటే. గుమ్మం ముందు పెడుతున్న ఆ ఊరు ఏ వైపు నుంచి చూసిన ఊరు?

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ బాబాసాహెబ్ ఈ విషయం దగ్గర ఆగారు. గ్రామాన్ని పునాదిగా తీసుకోలేదని ముసాయిదాను కొందరు విమర్శించారు. ఆయన మాత్రం గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానని చెప్పారు. ఆయనకి పల్లె మీద కోపమెందుకని పిల్లలు అడుగుతుంటారు. ఊరి చెరువు, ఊరి గుడి, ఊరి బడి అన్నింటికీ గుమ్మాలున్నాయి, ఆ గుమ్మాల దగ్గర ఆపబడ్డవాడు ఊరి గురించి మాట్లాడుతున్నాడని చెబుతాను.

అరుగు సంగతే చూడండి. పాత ఇంటి వీధి అరుగంటే మన సాహిత్యంలో ఎంత మురిపెమో! పంచాయితీ అక్కడే, పురాణ కాలక్షేపం అక్కడే, వేసవి నిద్ర అక్కడే. సర్కారు బళ్ళు రాకముందు వీధిబడి నడిచింది కూడా ఆ అరుగుల మీదే. అంటే తెలుగు అక్షరం చాలామందికి అరుగు మీదే దొరికింది. ఆ అరుగు ఎక్కే వీల్లేని పిల్లలకి దొరకలేదు. మా అమ్మ చెరుకు నరకడానికీ నాట్లకీ వెళ్ళేది. కూలి డబ్బులు చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. అరుగు చివర పెట్టి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు, తీసుకోవాలి. దాహమేస్తే పెరటి వైపు వెళ్ళి దోసిలి పట్టాలి, పైనుంచి పోసేవాళ్ళు. అందుకే పాత అరుగుల ఫొటో చూసి ఎవరైనా "ఎంత ఆత్మీయంగా ఉందో" అంటే నా కళ్ళు అరుగు మీదికి పోవు. దాని కింద, నేల మీద నిలబడ్డవాళ్ళు ఎక్కడున్నారా అని వెతుకుతాయి.

ఇక తాటాకు చూరు. మా అమ్మ పుట్టింది చుట్టింట్లో. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలని తాకే తాటాకు కప్పు, వంగితే గానీ దూరలేని గుమ్మం. ఉత్తరాంధ్ర తీరంలో గాలివానని తట్టుకోవడానికి పేదవాళ్ళు కనిపెట్టుకున్న తెలివైన కట్టుబడి అది. కానీ ఎండాకాలం వస్తే పొయ్యి ఆరిందో లేదో రెండుసార్లు చూసుకుని పడుకునేవాళ్ళు. నిప్పు భయం పొయ్యితోనే పోదు. 1968 డిసెంబర్ 25 రాత్రి తమిళనాడులోని కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మందిని ఒకే గుడిసెలో కాల్చి చంపారు. 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న బోయి భీమన్న గారి పుస్తకం పేరు 'గుడిసెలు కాలిపోతున్నై'. ఆ పేరు తెలిసినవాళ్ళకి గేటు మీద తాటాకు ఉత్త డిజైన్‌గా కనబడదు.

ఇత్తడి బిందె ఇంకొకటి. గుమ్మం పక్కన మూడు బిందెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఒక పూలగుత్తి పెడుతున్నారు. బాగుంటుంది. 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళని పాడు చేస్తుంటే ఇదేమిటని అడిగిన చోట గొడవ మొదలైంది. కొట్టబోయినవాళ్ళ మీదికి నీళ్ళకొచ్చిన ఒక మాదిగ స్త్రీ తన బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, మాదిగవాడ మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. తెలుగు నేల మీద దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన వస్తువు ఏదని నన్నడిగితే ఆ బిందె అంటాను.

డప్పు కూడా గోడ ఎక్కింది. డప్పు తెలిసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. అది తోలు, చెమ్మ తగిలితే వదులైపోతుంది. వాయించే ముందు మంట దగ్గర సెగ చూపించాలి, అప్పుడే గొంతు లేస్తుంది. చిర్ర, చిటికెన పుల్ల లేకుండా, సెగ లేకుండా, ఏసీ గది గోడకి వేలాడే డప్పు కొన్నాళ్ళకి పలకదు. ఆ ఇంటికి డప్పు కొట్టే మనిషి వస్తే కూర్చోబెట్టే కుర్చీ ఉంటే, డప్పు ఉండనివ్వండి. మనిషి గేటు బయటా డప్పు గేటు లోపలా అయితే, అది మన కళకి గౌరవం కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. గుమ్మం డిజైన్ చేయడానికి వచ్చిన కుర్రాడు మంచివాడు, పనిమంతుడు. ఫోనులో బొమ్మలు చూపిస్తూ, "మేడమ్, మీ అమ్మగారి పాత చేటలు ఉన్నాయి కదా, వాటికి రంగులేసి గోడకి కొట్టేద్దాం" అన్నాడు. అమ్మ పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"సేట గోడకి కొట్టేస్తే బియ్యం దేంతో సెరుగుతాదిరా మీ మేడమ్మ?" అంది.

కుర్రాడు నవ్వాడు. తర్వాత ఇంకో బొమ్మ చూపించాడు. గేటు పక్కన చిన్న మట్టికుండ, గొలుసుకి ఇత్తడి చెంబు. పనివాళ్ళు, పార్సిల్ తెచ్చేవాళ్ళు తాగడానికి బాగుంటుందన్నాడు. నాకూ బాగానే అనిపించింది. దాహానికి నీళ్ళు పెడుతున్నాం కదా. అమ్మ మాత్రం పిక్కలు తీయడం ఆపింది.

"బయటోళ్ళకి బయట సెంబు ఎట్టేస్తే ఇంకా తేడా ఏటే? లోపల గళాసు బయటికి తే, అంతే."

రెండు గ్లాసుల పద్ధతి మీద నేను సెమినార్ పేపర్లు చదివాను. అమ్మ ఆ రెండో గ్లాసుతో తాగింది. అందుకని ఆ తర్వాత గుమ్మం ముందు ఏముండాలన్నది అమ్మే చెప్పింది, నేను మేస్త్రీకి చెప్పాను.

అరుగు కట్టించాం. అడుగున్నర ఎత్తు, ఇద్దరు ఆనుకుని కూర్చునేంత వెడల్పు, పైన కడప బండ. గేటుకి లోపల కాదు, బయటికే, వీధి వైపు. ఏజెన్సీ నుంచి సీతాఫలాలూ అనాసలూ దించుకొచ్చి అమ్మే ఆడవాళ్ళు గంప దించుకోవడానికి సరిపోతుంది. పొద్దున్నే వీధి ఊడ్చే మున్సిపాలిటీ అక్క చీపురు పక్కన పెట్టి కూర్చోవచ్చు. "వీధిలోకి కడితే జనం వచ్చి కూర్చుంటారమ్మా" అని మేస్త్రీ హెచ్చరించాడు. "అందుకే కడతన్నాం బాబూ" అంది అమ్మ.

గోడకి చేటలు లేవు. ఒకే ఒక్క చేట వంటింట్లో ఉంది. గుమ్మానికి ఏటికొప్పాక తోరణం కట్టాం. వరాహ నది ఒడ్డున ఆ ఊరు మాకు దగ్గరే. అంకుడు కర్రని తిప్పుతూ దానికి లక్క ఒత్తితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు కర్రని పట్టుకుంటుంది. పసుపుకొమ్ము నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి. అదే తోరణానికి అచ్చు ప్లాస్టిక్ నకలు ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరుకుతుంది. 'విలేజ్ లుక్' కావాలనుకునేవాళ్ళు ముందు ఊళ్ళో చేసే చేతికి కూలి గిట్టేలా కొనాలి. బేరం ఆడకుండా కొన్నాం. తోరణం వెనక చేసినాయన పేరు రాయించుకున్నాం.

గచ్చు మీద ముగ్గు అమ్మది. ఇక్కడ ఒకటి చెప్పాలి. ఊరి అందమంతా ఊరిదే, వాడది కాదు అని నేననడం లేదు. వాడలో గోడలు ఎర్రమట్టితో అలికి, సున్నంతో అంచులు దిద్ది, పేడ కళ్ళాపి మీద గీత వంకర పోకుండా ముగ్గు పెట్టినవాళ్ళు మా అమ్మమ్మలు. ఆ పని రోజు కూలి ముగిసిన తర్వాత చేసుకున్నారు. ఇవాళ 'రస్టిక్' అని ఇంగ్లీషు పేరు పెట్టి డబ్బులిచ్చి గీయించుకుంటున్నది వాళ్ళ వేళ్ళలో ఉన్న విద్యే. కాబట్టి మట్టి అందాన్ని వదులుకోమని చెప్పడం లేదు, అది మనది. దాన్ని మన చరిత్రతో సహా తెచ్చుకుందాం.

చెప్పుల స్టాండు గురించి కూడా అమ్మకి ఒక అభిప్రాయం ఉంది. పెద్దోళ్ళ వీధిలో నడిచేటప్పుడు చెప్పులు విప్పి చేత పట్టుకున్నవాడు మా తాత. వాటిని కుట్టిందీ ఆయనే. మా గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలా వద్దా అన్నది వచ్చినవాళ్ళ ఇష్టం.

చివరగా నేమ్ ప్లేటు. పట్నంలో అద్దె ఇంటి కోసం తిరిగిన ప్రతివాళ్ళకీ గుమ్మం దగ్గర ప్రశ్న తెలుసు: "మీరేవిట్లు?" నన్నూ ఒక ఇంటావిడ అడిగింది. చెప్పాక, ఇల్లు వాళ్ళ చెల్లెలికి కావాలట అంది. ఇలాంటివి పడలేక ఇంటిపేరు పొట్టి అక్షరాల్లో దాచుకున్నవాళ్ళు మనలో ఎందరో. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా, పేరు చివర 'మాదిగ' అని రాసుకోవడాన్ని తలెత్తుకునే పనిగా మార్చింది. మా గోడ మీద పలకలో అమ్మ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, చివర మాదిగతో సహా ఉంది. నా డాక్టరేటు ఆ పలక మీద లేదు. తలుపు తీస్తే ఎదురుగా బాబాసాహెబ్ ఫొటో.

ఇంత పట్టింపు ఒక గుమ్మానికి అవసరమా అని కొందరు మిత్రులు నవ్వొచ్చు. దాదర్‌లో అంబేడ్కర్ పుస్తకాల కోసం కట్టుకున్న ఇల్లు రాజగృహ. 2020 జూలై 7న దుండగులు ఆ ఇంటి మీద పడి పగలగొట్టిన వాటిలో పూలకుండీలున్నాయి. దళితుల ఇంటి ముంగిలి అందంగా ఉండటం కూడా కంటగింపే కొందరికి. 1941 నాటి 'గబ్బిలం'లో జాషువా కథానాయకుడు గుడి గుమ్మం దాటలేక తన మొర గబ్బిలంతో పంపుకున్నాడు. ఇప్పుడు మన పిల్లలకి సొంత గుమ్మాలొస్తున్నాయి. వాటిని ఎవరు దాటగలరో తేల్చే పని మన చేతిలోకి వచ్చింది.

కాబట్టి ఆ అమ్మాయికీ, రేపు ఉద్యోగాలొచ్చి ఇళ్ళు కట్టుకునే మీ అందరికీ చెప్పేది ఇదే. గుమ్మం దగ్గర ఏ వస్తువు పెట్టబోయినా మూడు అడగండి. దీనితో పని చేసినవాళ్ళెవరు? ఇది ఇంకా పని చేస్తుందా? ఆ పని చేసినవాళ్ళు ఇవాళ మన ఇంటికొస్తే ఎక్కడ కూర్చుంటారు?

మీ ఇళ్ళ ముందు, మీ హాస్టళ్ళ ముందు ఆ చోటు ఉందో లేదో చూసి కామెంట్లలో రాయండి. వచ్చే వారం అద్దె ఇళ్ళ గురించి రాస్తాను. మీ అనుభవాలుంటే పంపండి, పేర్లు బయటపెట్టను.

జై భీమ్.