నడుం వంచడం ఎవరు నేర్పారు?

పిలాటిస్ అనగానే మీలో చాలామందికి అద్దాల గదులు, ఏసీ, ఖరీదైన బట్టలు గుర్తొస్తాయి. నాకూ అంతే. నడుం నొప్పికి డాక్టర్ వెళ్లమంటే మూడు నెలలు వెళ్లాను. ఆ ఫీజు మా అమ్మ ఒక సీజను నాట్ల కూలి కంటే ఎక్కువ. (అమ్మకి ఈ లెక్క తెలీదు. మీరూ చెప్పకండి.)

కానీ దాని పుట్టుక అద్దాల గదిలో లేదు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లండులో ఉన్నాడు. శత్రుదేశస్థుడని ఐల్ ఆఫ్ మాన్ దీవిలో, ముళ్లకంచె శిబిరంలో పెట్టారు. మనిషికి తన ఒళ్లు తప్ప ఏమీ మిగలని అలాంటి రోజుల్లో కూడా తన వ్యాయామాల మీద పనిచేశాడు. 'కంట్రాలజీ' అని పేరు పెట్టుకున్నాడు. 1920ల్లో న్యూయార్క్ చేరి స్టూడియో పెట్టాక డాన్సర్లు వచ్చారు. డబ్బున్నవాళ్లూ వచ్చారు. నిర్బంధం చూసినవాడి పద్ధతి ఖరీదైన సరుకు కావడం మనకేం కొత్త కథ కాదు.

నాకు నేర్పినవాళ్లు ఇద్దరు. మొదటి అమ్మాయి "పొట్ట లోపలికి, పక్కటెముకలు కిందికి, భుజాలు వెనక్కి, గడ్డం లోపలికి" అనేది. నాలుగు ఆజ్ఞలు ఒకేసారి. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయేది. రెండో ఆమె వెల్లకిలా పడుకోబెట్టి, "మేడం, చాపకి అంటించిన స్టిక్కర్ ఊడదీసినట్టు వెన్నుని మెల్లగా లేపండి" అనేది. మిగతా దారి ఒళ్లే వెతుక్కునేది. కొన్నిసార్లు ఏమీ చెప్పకుండా మిషన్ స్ప్రింగు ఒకటి మార్చి పక్కకి వెళ్లిపోయేది.

ఆమె చేసినదానికి శాస్త్రం ఉంది. ధ్యాస కండరం మీద కంటే, కదలిక వల్ల జరిగే పని మీద ఉంటే మనుషులు బాగా నేర్చుకుంటారని గాబ్రియెల్ వుల్ఫ్ ప్రయోగాలు చేసి చూపించారు. అంతకుముందే 1920ల్లో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ సుత్తి కొట్టే కార్మికుల ఒంటికి చిన్న బల్బులు కట్టి ఫిల్ము తీశాడు. దెబ్బ పడే చోటు మారదు, కానీ భుజం, మోచేయి, మణికట్టు ప్రతిసారీ కొంచెం వేరుగా కదులుతున్నాయి. చేయి తిరిగినవాడు చేసిందే చేయడు. ప్రతి దెబ్బకీ ఆ లెక్క మళ్లీ కొత్తగా తేల్చుకుంటాడు.

ఇది చదివినప్పుడు నాకు మా వాడలో డప్పు నేర్పే తాత గుర్తొచ్చాడు. సిర్ర ఎన్ని డిగ్రీలు తిప్పాలో ఆయన ఎన్నడూ చెప్పలేదు. దరువు నోటితో పలికేవాడు, పిల్లల చేతులు ఆ దరువుని వెతుక్కునేవి. ఆయనకి సర్టిఫికెట్ లేదు. ఆయన్ని ఎవరూ 'ట్రైనర్' అనలేదు.

స్టూడియోలో నాకు వారం పట్టింది, వెన్ను వంచకుండా తుంటి దగ్గర వంగడానికి. అమ్మకది ఊపిరి తీసుకున్నంత తేలిక. అయితే ఇక్కడ పొంగిపోయి 'శ్రమే వ్యాయామం' అని రాసే కవులంటే నాకు చిరాకు. నేను గంట వంగి ఇంటికొస్తాను. అమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో వంగేది, రాత్రి నొప్పి బిళ్ల వేసుకునేది. ఆపే హక్కు లేనప్పుడు ఎంత నేర్పున్న వంగడమైనా నడుముని తినేస్తుంది.

ఒళ్లు ఇంకోటి కూడా నేర్చుకుంటుంది. ఊళ్లోకి వెళ్తే చెప్పులు చేతిలోకి, భుజం మీది కండువా చంకలోకి. ఇవి మన పెద్దలకి పుస్తకంలో రాసి నేర్పలేదు. వీధి నేర్పింది, అరుగు నేర్పింది, అరుగు మీద కూర్చున్నవాడి చూపు నేర్పింది. అలా నేర్చుకున్న భుజం కాలేజీకి కూడా వస్తుంది. మన పిల్లలు కొందరు స్టాఫ్‌రూం గడప దగ్గర ఎలా నిలబడతారో చూడండి. వాళ్లకి 'ధైర్యంగా నిలబడరా, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ముఖ్యం' అని చెప్పే సార్లున్నారు. అది నా మొదటి టీచర్ పద్ధతే. మార్చాల్సింది స్ప్రింగు.

నేను చేసింది చిన్నపని. నా బల్లకి ఎదురుగా కాకుండా పక్కన ఒక కుర్చీ వేయించాను, ఎవరొచ్చినా కూర్చున్నాకే మాట. ఫస్టియర్ పిల్లాడొకడు మొదటిసారి అంచు మీద కూర్చున్నాడు, లేవడానికి సిద్ధంగా. రెండోసారీ అంతే. నాలుగోసారో ఐదోసారో వెనక్కి ఆనుకుని, 'మాలపల్లి' నవల గురించి నేను క్లాసులో చెప్పింది తను ఒప్పుకోనన్నాడు. గంటసేపు వాదించుకున్నాం. వాడింకా ఒప్పుకోలేదు.