ధర్మపురిలో పక్కలు వేయుట

గోదావరి దక్షిణవాహినియైన ధర్మపురిలో కాపురమున్న యిల్లాలికి పక్కలు వేయు విద్య రాక తప్పదు. 2015 జులై పుష్కరములలో ఒకనాటి రాత్రి మా రెండు గదుల యింట పదునేడుగురు దిగిరి. యముని గుడి గల యూరు గదా, వృద్ధులే మెండు! చాపలు చాలక జంబుఖానా పరచితిమి; బొంతలు విప్పితిమి; పాతచీరలు చుట్టి తలగడలు చేసితిమి. మిగిలినది ఒక్క గొంగడి. అది జ్వరముతోనున్న మా బాబుది. చీకటిపడి స్నానము చేసి తడిచీరతో వచ్చిన యొక అవ్వ మూల కూర్చుండి వణకుచుండెను. దాచనేల, మేము చూచియు చూడనట్లు లోనికి పోతిమి. ఆమెకు పొడిచీర యొకటి యిచ్చి యూరకుంటిమి. కొంతసేపటికి ఆమెయే బాబు చెంతకు వచ్చి, "ఒక్క గొంగడిలనే ఇద్దరం పంటం తియ్యి బిడ్డా" అనెను. తెల్లవారుజామున చూడగా వానికి చెమటపట్టి జ్వరము దిగియుండెను. గొంగడి యంతయు వానిపైననే యున్నది. అవ్వ అప్పటికే రేవునకు పోయెను.