మ్యూట్‌లో మగ్గం

2020 మార్చిలో పత్రికలు తెరిస్తే చాలు, ఇంటి నుంచి పని చేసేవాళ్ళకు సలహాలే సలహాలు. పొద్దున్నే స్నానం చేసి కూర్చోండి, విడిగా ఒక గది పెట్టుకోండి, పిల్లలకు ముందే చెప్పుకోండి అంటూ. అవన్నీ చదువుతుంటే నాకు నవ్వొచ్చేది. తాత కాలం నుంచీ మా ఇంట్లో పనికోసం గడప దాటి పోయినవాళ్ళు లేరు. మాది భూదాన్ పోచంపల్లిలో మగ్గం ఇల్లు. వీధి గదిలో గుంట మగ్గం, నడి ఇంట్లో ఆసు, వెనక వరండాలో రంగుల గిన్నెలు. చదువుకుని, హైదరాబాదులో ఉద్యోగం పట్టి, బస్సెక్కి పనికి పోయిన మొదటివాణ్ణి నేను. ఆ నేనే లాక్‌డౌన్ పుణ్యమా అని మళ్ళీ ఆ ఇంటికే పని మోసుకొచ్చాను.

మోసుకొచ్చానంటే నిజంగానే మోసుకొచ్చాను. మాది బ్రిటన్‌లోని ఒక బీమా సంస్థ క్లెయిములు చూసే ఆఫీసు. అందరికీ లాప్‌టాప్‌లు లేవు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే తెలంగాణలో లాక్‌డౌన్ ప్రకటన. మా రంగంలో ఇంటి నుంచి పని చేయించడానికి అడ్డుగా ఉన్న నిబంధనలను టెలికాం శాఖ అప్పటికి కొద్ది రోజుల ముందే సడలించింది కాబట్టి మానిటర్, సీపీయూ, కీబోర్డు అట్టపెట్టెల్లో కట్టి ఇచ్చారు. మా హాస్టల్ వాళ్ళు ఖాళీ చేయమన్నారు. ఉగాది నాటికి ఆ పెట్టెలు మా మగ్గం గదిలో ఉన్నాయి. నెట్‌వర్కు ఆ గది కిటికీ దగ్గరే సరిగ్గా అందుతుంది మరి.

ఆ తర్వాత ఆఫీసు వాళ్ళు కుర్చీకి డబ్బులిచ్చారు. చక్రాల కుర్చీ తెప్పించుకున్నాను. మగ్గం గుంట ఉన్న గదిలో చక్రాల కుర్చీ ఎంత ప్రమాదమో వేసుకున్నాకే తెలిసింది. గచ్చు కొద్దిగా గుంటవైపే వాలుగా ఉంటుంది. మీటింగులో ఉండగా కుర్చీ మెల్లగా జరుగుతూ జరుగుతూ నాయిన వీపు దాకా పోయేది. నాయిన వెనక్కి తిరక్కుండానే మోచేత్తో నెట్టేవాడు. చివరికి అమ్మ రెండు ఇటుకలు తెచ్చి చక్రాలకు అడ్డం పెట్టింది.

నాయిన నేసేది పట్టు ఇక్కత్. దూరం నుంచి చూసేవాళ్ళకు నేత అంటే నాడె అటూ ఇటూ పోవడమే. ఇక్కత్‌లో అసలు కష్టం మగ్గం ఎక్కకముందే చాలావరకు అయిపోతుంది. ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా పేర్చిన మేకుల చుట్టూ పోగును ఒక్కొక్కటిగా చుట్టడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ముందుకూ వెనక్కూ పోతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేశాడు, దానికే 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంట్లో మాత్రం అమ్మ చేత్తోనే పోస్తుంది. యంత్రం కొందామంటే ఇంక ఎన్నేళ్ళు పోస్తానులే అంటుంది. ఆసు అయ్యాక గీసిన డిజైన్ ప్రకారం రబ్బరు ముక్కలతో చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పి మళ్ళీ కట్టి ఇంకో రంగులో ముంచాలి, ఆ తర్వాత కండెలు చుట్టాలి. అప్పుడుగానీ నాయిన గుంటలోకి దిగడు. దిగాక కూడా ప్రతి పోగునూ వేలికొనతో ఇంచుక లాగి, గీతకు గీత కలిసిందో లేదో చూసుకుని, ఆపైన పలక కొడతాడు. మన చెవికి ‘టక్’మని వినిపించేది ఆ చివరి దెబ్బ ఒక్కటే.

ఆ దెబ్బతోనే నాకు చిక్కొచ్చింది. నా షిఫ్టు మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలవుతుంది. నాయిన నేత కూడా మధ్యాహ్నమే జోరందుకుంటుంది. మొదటి వారంలోనే లండన్ నుంచి మా మేనేజరమ్మ, మీ ఇంటి దగ్గర ఏదైనా కట్టడం పని జరుగుతోందా అని అడిగింది. కాదు, మా నాన్న పని అన్నాను. ఓహో అంది. మాట్లాడనప్పుడు మ్యూట్‌లో పెట్టుకోమంది. ఆమె ఇంట్లో కుక్క మొరిగితే మాత్రం మీటింగంతా నవ్వులే. దాన్ని కెమెరా ముందుకు తెచ్చి చూపించేది, అందరూ దాని పేరడిగేవాళ్ళు. వాళ్ళ దేశంలోనూ మార్చి 23 నుంచి లాక్‌డౌనే, వాళ్ళూ మాలాగే ఇళ్ళలో చిక్కుకున్నారు. అందుకని ఒకరి ఇంటి ముచ్చట్లు ఒకరు వినడం అప్పట్లో మర్యాదగా ఉండేది. కుక్కలు, పిల్లులు, పసిపిల్లలు ఆ మర్యాదలోకి వచ్చారు. పక్కనే ఇంకొకరు అన్నం కోసం చేస్తున్న పని ఎందుకో రాలేదు.

నేను ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేను. నాకు మీటింగు సాగడం ముఖ్యం. నాయినా, ఒక్క పది నిమిషాలు ఆపరాదే అనేవాణ్ణి. అమ్మా, కుక్కరు తర్వాత పెట్టరాదే. పక్కింటి చిన్నమ్మ కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతుంటే చేత్తో సైగ చేసేవాణ్ణి. మొదట్లో అందరూ సరే అన్నారు, కొడుకు ఉద్యోగం కదా. ఒకరోజు అమ్మ చేతిలో కండె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“నీ పని నడువాల్నంటే ఇంట్ల మనుషులు లేనట్టే ఉండాల్నా?” అంది.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మా ఇంట్లో పని ఎప్పుడూ మనుషుల్ని వెళ్ళగొట్టలేదు మరి. నాయిన నేస్తుంటే పక్కన కూర్చుని ఊరి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు. పెళ్ళి సంబంధాలు కుదిరింది ఆ గదిలో, నేను ఎక్కాలు నేర్చుకుంది ఆ గుంట గట్టు మీద కూర్చుని. చేనేత సంఘం ఎన్నికల రాజకీయమంతా నాడె పోయినంతసేపు సాగేది. మగ్గం మాటల్ని ఆపేది కాదు, మాటలు మగ్గాన్ని ఆపేవి కావు. నా పని అలాంటిది కాదు. అది వచ్చీరాగానే గదిలోంచి అందరినీ లేవమంది. అప్పటిదాకా ఇల్లు నా పనికి అడ్డం వస్తోందనే అనుకున్నాను. అమ్మ అడిగాక లెక్క తిరగబడి కనిపించింది.

ఏప్రిల్‌లో మగ్గం దానంతట అదే ఆగింది. బెంగళూరు నుంచి పట్టు రావడం నిలిచిపోయింది. పెళ్ళిళ్ళు లేవు, దుకాణాలు లేవు, కొనేవాళ్ళు లేరు. పట్టు ఇచ్చి మజూరికి నేయించుకునే సేటు ఫోన్ చేసి, మీదున్న వార్పు దించినంక ఆపు, కొత్తది ఇప్పుడియ్యను అన్నాడు. ఆయన ఇంట్లోనే చీరలు గుట్టలుగా పడున్నాయి. నాయిన ఆఖరి చీర కోసి, మడతపెట్టి, మగ్గం మీద పాత లుంగీ కప్పాడు. ఆ వారం నుంచి మీటింగుల్లో నా గొంతు అద్దంలా వినిపించింది. ఇప్పుడు నీ లైన్ చాలా బాగుంది అని మేనేజరమ్మ మెచ్చుకుంది. ఆ నెల జీతం ఒక్క రూపాయి తగ్గకుండా పడింది. నాయినకు మజూరి చీర కోస్తేనే. చీర లేదు కాబట్టి మజూరి లేదు. నేతన్నకు చేయూత పథకంలో దాచుకున్న పొదుపు డబ్బును గడువుకు ముందే తీసుకోవచ్చని ప్రభుత్వం అన్నాక కొంత ఊపిరాడింది. అదీ మిగతా రోజుల కోసం దాచుకున్నదే. ఒకే గదిలో ఇద్దరం ఇంటి నుంచి పని చేసేవాళ్ళమే. ఒకరికి ఇంట్లో కూర్చున్నందుకు జీతం, ఇంకొకరికి ఇంట్లో కూర్చున్నందుకే పస్తు.

ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో నాయిన నా పక్కన స్టూలు వేసుకుని తెర చూసేవాడు. రాత్రి షిఫ్టు దిగాక అడిగేవాడు, “ఇయ్యాల ఎంత నేసినవ్ రా?” అని. ఎగతాళి కాదు. ఆయనకు పనంటే సాయంత్రానికి దోనెకు చుట్టుకున్న బట్ట, చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. నేను ఫలానా ఇన్ని క్లెయిములు మూశానని చెప్పేవాణ్ణి. మూసిన తర్వాత అవి ఎటు పోతాయి అనేవాడు. నాకూ సరిగ్గా తెలియదు. పైగా నా పని కొలిచేది క్లెయిములతో కూడా కాదు. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోందా లేదా అన్నదే ముందు చూస్తారు. ఆ చుక్క ఆరిపోతుందేమోనని అన్నం కంచం తెచ్చుకుని మౌస్ కదుపుతూ తినేవాణ్ణి. నాయిన మాత్రం నేత ఉన్న రోజుల్లో వెలుతురు తగ్గితే లేచేవాడు. దీపం వెలుగులో రంగు మోసం చేస్తుంది, గీత తప్పుతుంది, తప్పిన గీతకు మజూరి కోత. ఆయన ఆగడానికి ఉన్న కారణం ఆయన పనిలోనే ఉంది. నాకు ఆగమని చెప్పేది ఏదీ నా పనిలో లేదు. అందుకని, వానాకాలం వచ్చేసరికి, రాత్రి షిఫ్టు అయిపోగానే మానిటరు మీద లుంగీ కప్పడం మొదలుపెట్టాను, నాయిన మగ్గానికి చేసినట్టే. చూడ్డానికి పిచ్చిగా ఉంటుందిగానీ పనిచేసింది.

దసరా దగ్గర పడుతుండగా పట్టు కదిలింది. మళ్ళీ పడుగు ఎక్కింది. అంతలో అక్టోబరు 13న హైదరాబాదును ముంచిన వాన మమ్మల్నీ వదల్లేదు. గుంటలో మోకాటి లోతు నీళ్ళు. వాటిని బకెట్లతో తోడడం, తడిసిన అచ్చు ఆరబెట్టడం వేరే కథ. మళ్ళీ నేత మొదలైందంటే ఇక మేనేజరమ్మతో మాట పడాలని సిద్ధపడ్డాను. ఆమె ఏమీ అనలేదు. రెండు వారాలైనా అనలేదు. ఒకరోజు నేనే అడిగాను, చప్పుడు వినిపించడం లేదా అని. ఏ చప్పుడు అంది. మేం వాడే మీటింగు సాఫ్ట్‌వేర్‌లో వెనకాల మోతను తీసేసే ఏర్పాటు వచ్చిందట, మనిషి గొంతును ఉంచి మిగతాదంతా జల్లెడ పడుతుందట. నేను మీటింగు రికార్డు తెరిచి విన్నాను. నా గొంతు ఒక్కటే ఉంది. నాయిన నాకు మూడడుగుల దూరంలో పూటంతా పలక కొట్టాడు, ఒక్క దెబ్బ కూడా అందులో లేదు. నాయినకు వినిపించాను. “మంచిగైంది, ఇగ నీకు నాతో తిప్పల్లేదు” అన్నాడు. ఆయనకు సంతోషమే. నాకే గొంతులో ఏదో అడ్డంపడింది.

ఆ సాఫ్ట్‌వేర్ చేసిన పని కొత్తదేం కాదని తర్వాత తర్వాత అర్థమైంది. ఇంట్లో కూర్చుని కూలికి పనిచేసేవాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒడంబడిక చేసింది, 177వది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. మాలాంటి కంప్యూటరు పనివాళ్ళ సంగతి చూడండి. కరోనా మొదలై రెండేళ్ళు నిండకముందే, 2021 నవంబరులో, పని వేళలు దాటాక ఉద్యోగికి ఫోన్లు చేయకూడదని పోర్చుగల్ చట్టమే తెచ్చింది. మా కష్టం మీద పత్రికల్లో పేజీలకు పేజీలు. ఈ దేశంలో నేత ఇళ్ళు 30 లక్షలు దాటి ఉన్నాయని 2019-20 చేనేత గణన చెప్పింది. పనిచేసేవాళ్ళు 35 లక్షలకు పైమాటే. వాళ్ళలో వందకు 70 మందికి పైగా ఆడవాళ్ళు. ఈ చివరి అంకె చదివి మా ఇంటి లెక్క వేసుకున్నాను. సేటు మజూరి ఇచ్చేది నాయిన చేతికి. సంఘంలో పేరు నాయినది. మగ్గానికి వేసిన నంబరు నాయిన పేరు మీద. ఆసు, కండెలు, చిటికిలో సగం అమ్మవి. నాయిన మగ్గం కనీసం వీధిలోకి వినిపిస్తుంది. ఆసుకు చప్పుడే లేదు.

పొదుపు పథకంలో అనుబంధ పనివాళ్ళకూ చోటుందని తెలిశాక అమ్మ పేరు కూడా రాయిద్దామన్నాను. కాగితాలు ముందేసుకుని ముగ్గురం కూర్చున్నాం. పథకంలో కట్టేది మజూరిలో వంతు కాబట్టి నెల సంపాదన ఎంతో రాయాలి. అక్కడ కలం ఆగింది. అమ్మకు విడిగా ఎవరూ ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు.

“మీ నాయినకు రాసిందాంట్ల సగం రాయి” అంది అమ్మ.

“సగమెక్కడిదే? నేసేది నేను గదా” అన్నాడు నాయిన.

అమ్మ వాదించలేదు. ఈ నెల ఆసు ఎవరితోనన్నా కూలికి పోయించుకో, ఎంత తీసుకుంటరో చూద్దాం అంది. నాయిన వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆసుకు ఇంత, కండెలకు ఇంత, చిటికి కట్టినందుకు ఇంత. రెండో చేతికి వచ్చాక లెక్క ఆపి నావైపు చూశాడు.

“రాయి రా. సగం కన్న జర ఎక్కువనే రాయి.”