గ్యాలరీ టికెట్టు

బేగంపేటలో పెరిగినవాళ్లకు రాత్రిపూట ఆకాశంలో లైటు తిరగడం వింతేమీ కాదు. మా ప్రకాశ్‌నగర్ మేడ ఎక్కితే ఎయిర్‌పోర్టు లైటు ఒకసారి తెల్లగా, ఒకసారి పచ్చగా మొహం మీదుగా పోయేది. 1991 జనవరిలో దానికి తోడు ఇంకొకటి వచ్చింది. ప్యారడైజ్ వైపు నుంచి లేచి, మబ్బుల్ని తడుముకుంటూ రసూల్‌పురా మీదుగా మా నెత్తి దాకా వచ్చి వెనక్కి పోయేది.

బాపమ్మ యుద్ధం ఇక్కడిదాకా వచ్చిందనుకుంది. ఆమెను ఏమనడానికీ లేదు. పొద్దున లేస్తే రేడియోలో బాగ్దాద్ మీద బాంబులే. పక్కింటి చాచా అంతకుముందు ఏడే కువైట్ నుంచి ఒక్క సంచితో వచ్చి పడ్డాడు. ఆ సాయంత్రం గోడ అవతలి నుంచి ఆయనే చెప్పాడు: "లడాయి కాదమ్మా, పరేడ్ గ్రౌండ్ల సర్కస్ దిగింది."

ఏ సర్కసో మాత్రం నన్నడగొద్దు. నేను అపోలో అంటాను, అన్న జెమినీ అంటాడు. 2023 ఏప్రిల్‌లో జెమినీ శంకరన్ పోయారని పేపర్లో చూసి అన్నకు ఫోన్ చేస్తే, పరామర్శ కాస్తా ఆ పాత పంచాయితీలోకే దిగింది. ఒప్పుకోవలసిందేమిటంటే, ఇద్దరి సాక్ష్యమూ అరువుదే. నాకు అపోలో పేరు తెలిసింది దూరదర్శన్‌లో షారుఖ్ ఖాన్ 'సర్కస్' సీరియల్ వల్ల. దాన్ని తీసింది వాళ్ల డేరాలోనే. అన్నకు జెమినీ తెలిసింది 'మేరా నామ్ జోకర్' వల్ల. గేటు మీద రంగు బల్బుల అక్షరాలు ఇద్దరికీ గుర్తే. చదవబోతే మాత్రం ఎవరి సినిమా వాళ్లకు కనబడుతుంది.

అమ్మ ముందు వద్దంది. డిసెంబర్‌లో హిందూ ముస్లిం గొడవలతో పాతబస్తీ అంతా కర్ఫ్యూ, చచ్చిపోయినవాళ్ల లెక్క రోజూ పేపర్లో వచ్చేది. మా వైపు అంత గొడవ లేకపోయినా చీకటి పడితే గడప దాటనిచ్చేది కాదు. చివరికి ఏడు గంటల ఆట కాకుండా నాలుగింటిదానికి పోవాలని, చాచా పిల్లలతో కలిసి పోవాలని తేలింది. ఆ రెండో మాట ఎవరన్నారో గుర్తులేదు. ఆ రోజుల్లో అది మామూలు మాట కాదని మాత్రం ఇప్పుడు అనిపిస్తుంది.

నాయిన గ్యాలరీ టికెట్లు తీశాడు. గ్యాలరీ అంటే మెట్లు మెట్లుగా పరిచిన చెక్కలు. రెండు చెక్కల నడుమ కాలు దూరేంత సందు. కూర్చున్న కాసేపటికే అన్న చెప్పు కిందికి జారింది. డేరాలోకి పోగానే కొట్టిన వాసన ఇప్పటికీ పోలేదు: తడి రంపపుపొట్టు, ఏనుగు పేడ, జనరేటర్ డీజిల్ పొగ, వీటన్నిటి మీద పల్లీలవాడి బుట్ట.

ఏం చూశామంటే వరుసగా చెప్పలేను. నీటిగుర్రం నోరు తెరిస్తే ఒకాయన దాంట్లోకి బ్రెడ్డు విసిరాడు. ఏనుగు తొండంతో గంట కొట్టి శివలింగానికి పూజ చేస్తే బాపమ్మ కూర్చున్నచోటే దండం పెట్టింది. నాయిన మాత్రం, మన వీరఘట్టం కోడి రామ్మూర్తి ఏనుగును రొమ్ము మీదికి ఎక్కించుకున్న మొనగాడు, ఇదెంత అన్నట్టు మొహం పెట్టాడు.

సింహాల ఆటకు ముందు రింగు చుట్టూ ఇనుప కటకటాలు ఒక్కొక్క ముక్కే తెచ్చి బిగించేవాళ్లు. ఆ పని అయ్యేదాకా జనం కళ్లు అటు పోకుండా జోకర్లను వదిలేవాళ్లు. పొట్టి జోకరు చీల్చిన వెదురుబద్దతో పొడుగు జోకరు పిర్ర మీద ఒక్కటిచ్చాడు, టప్పుమని డేరా మార్మోగింది. చాచా నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా, పక్కవాడి భుజం పట్టుకుని నవ్వాడు. ఆయన పిల్లలిద్దరూ జోకర్లను వదిలేసి వాళ్ల నాన్ననే చూస్తున్నారు.

సింహం మాకు చాలా దగ్గరగా వచ్చి స్టూలెక్కింది. గర్జించిందని అన్న అంటాడు. నాకు గుర్తున్నది దాని ముందరికాలు. మోచేతి దగ్గర బొచ్చంతా ఊడి, చర్మం మందంగా, బూడిదరంగులో గట్టిపడి ఉంది. ఎప్పుడూ చెక్క మీద పడుకునే జంతువుకు అలా కాస్తుందని అప్పుడు తెలియదు. మేం చూసొచ్చిన కొద్ది వారాలకే, ఆ మార్చిలోనే, పులులు, ఎలుగులు, కోతులతో ఆటలు ఆడించకూడదని కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. సర్కస్ కంపెనీలు కోర్టుకెక్కాయి. 1998లో సింహాలను కూడా కలిపి ఉత్తర్వు మళ్లీ వచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. డేరాల సింహాలు మన విశాఖపట్నం, తిరుపతి జూల దగ్గర కట్టిన సంరక్షణ కేంద్రాలకు చేరాయి. ఈ పదేళ్ల వ్యవహారమంతా చాలా ఏళ్ల తర్వాత చదివాను. మంచి ఉత్తర్వే. అయినా సర్కస్ అనగానే నాకు సింహమే ముందు గుర్తొస్తుంది.

ఇంటర్వెల్లో అమ్మ నన్ను పక్కకు తీసుకుపోదామని డేరా వెనక్కి వచ్చింది. అక్కడ వేరే ఊరు ఉంది. తాళ్ల మీద తళుకుల చొక్కాలు, మామూలు లుంగీలు కలిపి ఆరేసున్నాయి. ఒకామె మెరిసే గౌను మీద నైటీ తొడుక్కుని స్టవ్ ముందు కూర్చుని చేపల కూర కలుపుతోంది. నేను గుడ్లప్పగించి చూశాను. కాసేపటి కింద డేరా కప్పు దగ్గర ఊయల వదిలి గాల్లో పల్టీ కొట్టింది ఆమే.

"ఎక్కడినుంచొచ్చిన్రమ్మా?" అంది అమ్మ. ఆమెకు అర్థం కాలేదు. అమ్మ తన వచ్చీరాని హిందీలో మళ్లీ అడిగింది. "తలస్సేరి" అందామె. కేరళలో ఆ ఊరి పక్క చిరక్కరలో కీలేరి కుంజికణ్ణన్ అనే గురువు 1901లోనే సర్కస్ బడి పెట్టాడని, దేశంలో సగం డేరాలకు అదే పుట్టిల్లని మాకేం తెలుసు? నేను ఆమె చేతులనే చూస్తున్నానని కనిపెట్టి, గరిటె పక్కన పెట్టి అరచెయ్యి చాపింది. వేళ్ల మొదట్లో వరసగా కాయలు. ఒకటి చీలితే దాని మీద తెల్లటి ప్లాస్టర్. ప్లాస్టర్ అంచున సుద్దపొడి, పసుపు కలిసి అంటుకుని ఉన్నాయి. నన్ను తాకి చూడమంది. మా బాత్రూమ్‌లో కాళ్లు తోముకునే రాయిలా ఉంది.

రెండో సగంలో నా ఈడు పిల్లలు ముగ్గురు వెనక్కి వంగి, కాళ్ల సందులోంచి మొహాలు పెట్టి నవ్వారు. ఇంటికొచ్చి మంచం మీద నేనూ వంగబోయాను. నడుం పట్టేసింది. "నన్ను కూడా సర్కస్‌లో చేర్పించున్రి" అని ఏడ్చానట. లెక్కల పరీక్ష ఎదురుగా ఉన్న పిల్లకు వాళ్లది స్వర్గంలాగే కనబడింది మరి. ఆ పిల్లలకు బడి ఉందా అన్న ప్రశ్నే నాకు తట్టలేదు. 2011లో, సర్కసుల్లో పిల్లల చేత పని చేయించొద్దని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆ మూడు మొహాలు గుర్తుకు తెచ్చుకోవాలని చూశాను. తలకిందులుగా తప్ప రాలేదు.

తిరుగుదారిలో ప్యారడైజ్ దాకా చాచా అన్నను భుజాల మీద మోశాడు, చెప్పు పోయింది కదా. ఆయన మళ్లీ గల్ఫ్‌కు పోలేదు. రసూల్‌పురాలో సైకిళ్ల దుకాణం పెట్టుకున్నాడు.

అమ్మను అడిగితే సింహం లేదు, ఊయల లేదు. ఆమెకు గుర్తున్నది ఆ చేపల కూర. కొబ్బరిపాలు పోసిందా, కొబ్బరి నూరి వేసిందా అని ఇప్పటికీ మథనపడుతుంది. ఆ వారమే మోండా మార్కెట్ నుంచి చేపలు తెప్పించి, కొబ్బరి నూరి, చింతపండు పులుసు పోసి చేసింది. నాయిన ఒక్క ముద్ద తిని, "సర్కస్‌ల చూసినయన్నీ ఇంట్ల చెయ్యొద్దు" అని మజ్జిగ పోసుకున్నాడు. మేం మాత్రం గిన్నె ఊడ్చాం.