రేగడి నేర్పిన లెక్క

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. గుంటూరు శివారులో ఓ కోల్డ్ స్టోరేజీ ఆవరణ. అప్పుడే తవ్విన కందకం అంచున నిలబడి ఉన్నాను. లోపలి నుంచి మాడిన ప్లాస్టిక్ కంపు. అవతలి గట్టు మీద తలకు తువ్వాలు చుట్టుకుని మా నాన్న.

అక్కడ కొత్తగా కట్టిన గదిలో మావి 62 మిర్చి టిక్కీలు ఉన్నాయి. చెల్లి పెళ్లి ఖర్చుకి వాటినే నమ్ముకున్నాం. ఆ గదికి కరెంటు మోసే కేబులు కాలిపోయింది. ఆ కేబులు సైజు లెక్క కట్టింది నేనే.

ఇది 2004 నాటి మాట. ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు. పైగా ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పాలనే అనిపిస్తుంది.

మాది పర్చూరు దగ్గర పల్లె. అప్పుడు ప్రకాశం జిల్లా. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. కనుచూపు మేర నల్లరేగడి. ఓ ఏడు పత్తి, ఓ ఏడు మిర్చి. ఆ మట్టి అంటుకోకుండా బతకాలని నన్ను డిప్లొమా చదివించారు నాన్న. చదువయ్యాక గుంటూరులో ఓ కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి పని ఆ కోల్డ్ స్టోరేజీదే.

మిర్చి సీజన్లో ఆ ఆవరణలోకి నిలువెత్తు టిక్కీలు వేసుకున్న లారీలు వస్తుంటాయి. పైన తీగ కడితే ఏదో ఒక రోజు లారీ తగులుకుంటుంది. అందుకని గేటు దగ్గరి ప్యానెల్ నుంచి కొత్త గది మోటార్ల దాకా భూమిలోనే కేబులు వేద్దామన్నారు.

కేబులు ఎంత లావు ఉండాలో తేలాలంటే ముందు అందులో ఎంత కరెంటు పారుతుందో తెలియాలి. దాన్నే లోడ్ కరెంట్ అంటారు. లెక్క పెద్ద కష్టమేం కాదు. గది మొత్తం తీసుకునే లోడు 100 కిలోవాట్లు, అంటే లక్ష వాట్లు. త్రీఫేజు వోల్టేజి 415. దాన్ని 1.732తో, పవర్ ఫ్యాక్టర్ 0.8తో గుణించి, వచ్చిన దానితో లక్షను భాగించాలి. 174 ఆంపియర్లు వచ్చింది.

పవర్ ఫ్యాక్టర్ అంటే ఏంటని నాన్న ఓసారి అడిగితే ఇలా చెప్పాను. "జోడెడ్లలో ఒకటి తిన్నగా లాగకుండా కాస్త పక్కకు లాగుతుందనుకో. బండి నడిచేది అంతే, ఎద్దుకు మాత్రం శ్రమ ఎక్కువ. మోటారు కూడా అంతే, పనికి కావలసిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది."

కేబులు పట్టిక తీశాను. 120 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం పీవీసీ కేబులు భూమిలో 185 ఆంపియర్లు మోస్తుందని ఉంది. మనకు కావలసింది 174. ఇంకా 11 మిగులు! కాంట్రాక్టరు భుజం తట్టారు. జనవరిలో రెండున్నర అడుగుల లోతున కేబులు పరిచి, ఇసుక పోసి, ఇటుకలు పేర్చి పూడ్చేశాం. ఆ చలికాలంలో మట్టి ఇంకా చెమ్మగానే ఉంది.

ఫిబ్రవరి, మార్చి బాగానే గడిచాయి. ఏప్రిల్ చివరికి గది నిండింది. బయట ఎండ మండుతోంది. మోటార్లు రాత్రీ పగలూ ఆగడం లేదు. మే రెండో వారంలో ఓ తెల్లవారుజామున ఢామ్మని శబ్దం, ఆ వెంటే చీకటి.

కబురు అందుకుని రైతులు వచ్చేశారు. వాళ్లలో మా నాన్న కూడా ఉన్నారు. సరుకు బయటికి తీసేద్దామని కొందరు తలుపు దగ్గరికి పరిగెత్తారు. ఎవరి వల్ల ఈ పని జరిగిందో నాన్నకు తెలుసు. ఆయన మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"తలుపు తీయకండయ్యా. లోపలి చలి పోతుంది. చల్లటి కాయ ఈ ఎండలోకి వస్తే చెమరుస్తుంది. తరవాత బూజు పట్టిందని ఏడవాల్సింది మనమే. మూసి ఉంటే సాయంత్రం దాకా ఆగుతుంది" అన్నారు.

సాయంత్రానికి అద్దె జనరేటరు వచ్చింది. ఆ లోపు మేం కందకం తవ్వాం. గునపం దిగుతుంటే రేగడి పెళ్లలు పెళ్లలుగా లేచింది. పైన చెయ్యి పట్టేంత నెర్రెలు. అడుగున కేబులు చుట్టూ ఇసుక పొడిపొడిగా జారుతోంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. కేబులు పై తొడుగు గట్టిపడి పెళుసెక్కింది. నాన్న కందకంలోకి దిగి ఆ మట్టిని గుప్పిట్లోకి తీసుకుని నలిపారు.

"ఒరే అబ్బాయ్, ఈ మట్టి నీకు తెలియనిదా? వానాకాలం జిగురు, ఎండాకాలం నెర్రె. జనవరిలో చూసిన మట్టి మేలో ఉంటుందా?"

అంతే. ఇంకో మాట అనలేదు. కొట్టినా అంత బాధ ఉండేది కాదేమో.

ఆ రాత్రి మళ్లీ పట్టిక తీశాను. మొదటిసారి చూడని చిన్నక్షరాలు అప్పుడు చదివాను. 185 అనే అంకె ఊరికే ఇచ్చింది కాదు. నేల వేడి 30 డిగ్రీలు ఉండాలి, మట్టి వేడిని ఇంత బాగా లాగాలి, పక్కన మరో కేబులు ఉండకూడదు అనే షరతుల మీద ఇచ్చింది.

విషయం ఏంటంటే, కరెంటు పారే తీగ వేడెక్కుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. స్తంభాల మీది తీగ వేడిని గాలి పట్టుకుపోతుంది. భూమిలో తీగకు ఆ గాలి లేదు. చుట్టూ ఉన్న మట్టే వేడిని లాక్కోవాలి. చెమ్మ ఉన్న మట్టి ఆ పని బాగా చేస్తుంది. ఎండిన మట్టి రేణువుల మధ్య గాలి చేరి, కేబులుకు దుప్పటి కప్పినట్టవుతుంది. కేబులు వేడికి దగ్గరి చెమ్మ కూడా ఆరిపోయి ఆ దుప్పటి మరింత మందమవుతుంది. మేం పోసిన ఇసుకా అంతే. తడిగా ఉన్నంతకాలమే చుట్టం.

నేల 40 డిగ్రీలకు చేరితే పీవీసీ కేబులు సత్తువ 0.87 వంతుకు పడిపోతుంది. 185 కాస్తా 161 అవుతుంది. మట్టి ఎండినందుకు అందులో ఇంకో అయిదో వంతు తీసేస్తే మిగిలేది 129. మేం మోయించింది 174. అదీ వోల్టేజి సరిగా ఉంటేనే. వేసవి సాయంత్రాల్లో 380కి పడిపోతే అదే లోడుకు 190 ఆంపియర్లు కావాలి. పైగా ఫ్యూజు 200 ఆంపియర్లది. కేబులు లోలోపల ఉడుకుతున్నా దానికి ఏం తెలుస్తుంది? ఇన్సులేషన్ కరిగి తీగలు కలిశాకే ఎగిరింది.

కొత్తగా 240 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేశాం. పట్టికలో దాని అంకె 275. వేడికి, ఎండిన మట్టికి కోత పోగా 191 మిగిలింది. మోటార్ల దగ్గరే కెపాసిటర్లు పెట్టాం. పవర్ ఫ్యాక్టర్ 0.95కి వచ్చి లోడ్ కరెంట్ 146కి దిగింది. కెపాసిటర్లు గేటు దగ్గరి ప్యానెల్లో పెడితే కేబులు బరువు తగ్గదని కూడా అప్పుడే బుర్రకెక్కింది. ఎద్దు పక్కచూపును బండి దగ్గరే సరిచేయాలి కదా! ఆ ఖర్చులో కొంత ఏడాదిపాటు నా జీతంలో కోసుకున్నారు.

ఇలా దెబ్బతిన్నది నేనొక్కణ్నే కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. 1998 జనవరి, ఫిబ్రవరి నెలల్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం నడిబొడ్డుకు కరెంటు తెచ్చే నాలుగు 110 కిలోవోల్టుల కేబుళ్లు ఒకదాని వెంట ఒకటి పోయాయి. సుమారు అయిదు వారాలు ఆ వ్యాపార కేంద్రం అల్లాడిపోయింది. అదీ వేసవే. అనుకున్నంత వేడిని అక్కడి మట్టి లాగలేకపోవడం విచారణలో బయటపడ్డ కారణాల్లో ఒకటి. మహా నగరాల ఇంజినీర్లకే తప్పలేదని మొదట ధైర్యం వచ్చింది. ఆ వెంటనే, మా నాన్నకు తెలిసింది నాకు తెలియలేదే అని మళ్లీ మనసు చివుక్కుమంది.

ఇప్పుడు భూగర్భ కేబుళ్ల మాట తరచూ వినిపిస్తోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో స్తంభాలను నేలకూల్చాక అక్కడ లైన్లు భూమిలోకి దించే పని మొదలైంది. మంచిదే. గాలివాన భయం పోతుంది. కాకపోతే నేలలో పూడ్చాం కదా అని మరచిపోకూడదు. స్తంభం ఒరిగితే దారినపోయేవాళ్లకీ కనిపిస్తుంది. భూమిలో కేబులు కష్టం కాలిపోయేదాకా ఎవరికీ కనిపించదు.

నేనిప్పుడు ఎక్కడికి పనికి వెళ్లినా ముందు పక్క పొలం రైతును పలకరిస్తాను. "ఈ నేల ఏ నెలలో నెర్రెలిస్తుంది బాబాయ్?" అని అడుగుతాను. మా కుర్రాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కేబులు వేసిన చోటుకి మే నెలలో మళ్లీ వెళ్లి టాంగ్ టెస్టరుతో కరెంటు కొలిచి రావడం మాత్రం వాళ్లకు కూడా అలవాటు చేశాను.

మా టిక్కీలకు ఏమీ కాలేదు. ఆగస్టులో అమ్మాం. చెల్లి పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. పందిట్లో దీపాల వైరింగు నేనే చేశాను. స్విచ్ వేయబోతుంటే నాన్న పక్కకు వచ్చి మెల్లగా అడిగారు.

"లెక్క సరిగా చూశావా?"

రెండుసార్లు చూశానన్నాను. ఆయన నవ్వి, "అయితే వెయ్యి" అన్నారు.