డాక్సీ, ఐరన్ మాత్ర, మా అమ్మ

ఈ నెల మన క్లాసులో ముగ్గురి బ్యాగుల్లో ఒకే మందు చూశాను. డాక్సీసైక్లిన్. ముగ్గురికీ మొటిమలకే రాశారట డాక్టర్లు. ఒకామె పెరుగన్నం తిని, గుక్కెడు నీళ్ళతో మాత్ర మింగి, బెంచీ మీద తల వాల్చేసింది. లేపి కూర్చోబెట్టాను. "ఏందే నీ గోల!" అంది. ఆ గోల ఏందో ఇక్కడ రాస్తున్నాను. మా ఇంటికి ఈ మందు మొటిమల కోసం రాలేదు. వరద నీళ్ళ వెంట వచ్చింది.

మాది ఎన్నూరు. బీచ్ స్టేషన్లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే తిరువొట్రియూరు దాటాక వచ్చే పొగగొట్టాల ఊరు. నాన్న పనికోసం సూళ్ళూరుపేట నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఊరికి తూర్పున సముద్రం, ఉత్తరాన కొసస్తలై నది కలిసే ముఖద్వారం, పడమర బకింగ్‌హాం కాలువ. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుపాను మద్రాసును ముంచింది గుర్తుంది కదా. తుపాను పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది, నీళ్ళు మాత్రం మాకు వదిలేసి పోయింది. ఆ నీళ్ళ మీద నల్లటి నూనె తెట్టు. పడవలకీ, వలలకీ, మడ చెట్లకీ, గోడలకీ అదే జిడ్డు. టీవీలో మీరు నూనె చూసి ఉంటారు. ఆ నీళ్ళలో ఇంకేం ఉన్నాయో ఏ కెమెరాకీ కనపడదు.

అమ్మ నాలుగు రోజులు ఆ నీళ్ళలోనే నిలబడి ఇల్లు కడిగింది. కాళ్ళు నాని, వేళ్ళ సందులు ఒరుసుకుపోయాయి. పన్నెండో రోజున చలిజ్వరం. పిక్కలు ముట్టుకుంటే కేక పెట్టేది. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ పుసి లేదు. డాక్టరమ్మ పిక్కలు నొక్కి చూసి, "నీళ్ళలో నడిచారా?" అని మొదట అదే అడిగింది. ఎలుక జ్వరం కావచ్చంది. అరవంలో ఎలిక్కాయ్చల్ అంటారు. లెప్టోస్పైరా అనే మెలిక తిరిగిన బ్యాక్టీరియా ఎలుకల మూత్రంలో, పశువుల మూత్రంలో, కుక్కల మూత్రంలో ఉంటుంది. వరదలో అన్నీ కలిసిపోతాయి. చిన్న గీత పడిన చర్మం చాలు, లోపలికొస్తుంది. ముదిరితే కామెర్లు, మూత్రపిండాలు దెబ్బతినడం, ప్రాణం పోవడం కూడా ఉంది. రక్తం తీసుకుని, ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులకి రాసింది. డెంగ్యూ పరీక్ష కూడా చేయించింది. వానల తర్వాత రెండు జ్వరాలూ ఒకేలా మొదలవుతాయి, కానీ డెంగ్యూ వైరస్ కాబట్టి దానికి ఈ మందు పనికిరాదు.

మందుల షాపులో కవరు మీద 1-0-1 అని రాసిచ్చారు. అంతే. దేంతో మింగాలి, దేంతో మింగకూడదు అన్నది కవరు మీద లేదు. అట్ట మీద ఇంగ్లీషులో ఉంది. అమ్మ తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతుంది, ఆ అట్ట మీద ఒక్క ముక్క తెలుగు లేదు.

రెండో రాత్రి పదిన్నరకి అమ్మ పడుకునే ముందు క్యాప్సూల్ నోట్లో వేసుకుని, ఉమ్మితోనే మింగేసి పడుకుంది. రెండు గంటలకి లేచి రొమ్ము పట్టుకుని కూర్చుంది. "ఇక్కడ మంట, వీపులోకి పొడుస్తోంది, మీ నాయన్ని లేపు" అంది. గుండెపోటే అనుకున్నాం. నాన్న చెప్పుల్లేకుండానే పరిగెత్తి ఆటో తెచ్చాడు. ఈసీజీ బాగానే ఉంది. రాత్రి డ్యూటీ డాక్టరు కుర్రాడు, మా అన్న వయసు. అట్ట చూసి, "అమ్మా, ఇది ఎట్లా మింగారు?" అని అడిగాడు. చెప్పింది. నవ్వలేదు. ఈ క్యాప్సూల్ అన్నవాహికలో అతుక్కుని కరిగితే అక్కడ పుండు పడుతుందట. యాసిడ్ లాంటి గుణం దానిది. పెద్ద గ్లాసు నిండా నీళ్ళు తాగాలి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి, రాత్రి మాత్ర భోజనంతో పాటే వేసేసుకోవాలి గానీ మంచం మీద కాదు. క్లాసులో లేపి కూర్చోబెట్టింది అందుకు.

అక్కడితో అయిపోలేదు. "ఇంకేం మాత్రలు వేసుకుంటారు?" అన్నాడు. అమ్మకి రక్తం తక్కువ, రెండేళ్ళుగా ఐరన్ మాత్ర వాడుతోంది. రెండూ కలిపి ఒకే గుక్కలో వేసుకుంటోందని అప్పుడు బయటపడింది. డాక్సీసైక్లిన్‌కి ఇనుమన్నా, సున్నమన్నా, కడుపుమంటకి తాగే తెల్లటి యాంటాసిడ్ మందన్నా ప్రాణం. కడుపులో ఎదురైతే గట్టిగా పట్టేసుకుంటుంది. అలా అతుక్కున్నాక పేగు గోడ దాటి రక్తంలోకి పోలేదు, రెండూ కలిసి బయటికి పోతాయి. అంటే అమ్మ రోజుకి రెండు మాత్రలు మింగుతున్నా, ఒంటికి అందింది ఎంతో! పాలు, పెరుగు కొంచెమే తగ్గిస్తాయి, అదైనా రెండు గంటల ఎడం మంచిది. ఇనుము మాత్రం బాగా తగ్గిస్తుంది. ఎడంగా వేసుకున్నా ఎంతో కొంత లాగేస్తుంది. అందుకే ఏడు రోజులూ ఐరన్ ఆపేయమన్నాడు.

ఆ రాత్రి నుంచి నాకు ఈ మందు మీద ఒక రకమైన పట్టుదల వచ్చింది. కోర్సు పుస్తకం మీద ఎప్పుడూ రాలేదు లెండి.

అసలిది ఎలా పనిచేస్తుంది? నాకు అర్థమైంది మన పూలమ్మల భాషలో చెప్తాను. మన కాలేజీ గేటు దగ్గర మల్లెపూలు కట్టే ఆమెని చూడండి. ఎడమచేతిలో నార, కుడిచేత్తో రెండేసి పూలు తీసి అందించడం, ముడి, మళ్ళీ పూలు. బ్యాక్టీరియా లోపల కూడా ఇలాంటి మాల కట్టే చోట్లు వేలల్లో ఉంటాయి, రైబోజోములు అంటారు. అక్కడ అమైనో ఆమ్లాలు ఒక్కొక్కటే వచ్చి చేరి ప్రొటీన్ అనే మాల అవుతుంది. ప్రొటీన్ లేకపోతే బ్యాక్టీరియా పెరగదు, రెండుగా చీలదు. డాక్సీసైక్లిన్ వెళ్ళి సరిగ్గా కొత్త పువ్వు వచ్చి ఆనాల్సిన చోట కూర్చుంటుంది. పువ్వు వస్తుంది, చోటు లేదు, వెనక్కి పోతుంది. మాల అక్కడికి ఆగిపోతుంది. మన కణాల్లోని రైబోజోముల తయారీ వేరు కాబట్టి వాటి జోలికి దాదాపుగా పోదు. వైరస్‌కి సొంత రైబోజోములే లేవు. జలుబుకి ఇది దండగ అనడానికి కారణం అదే.

గమనించారా, ఇది బ్యాక్టీరియాని చంపడం లేదు, పెరగకుండా ఆపుతోంది. ఆగిన వాటిని ఏరి పారేసే పని మన ఒంట్లోని తెల్లకణాలది. అందుకే రక్తంలో మందు తగ్గకుండా వేళకి వేసుకోవాలి. రెండు రోజులకి జ్వరం తగ్గిందని మానేస్తే మళ్ళీ మాల కట్టడం మొదలవుతుంది. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులు. మంచిదే కదా అని పొడిగించడమూ వద్దు.

ఇక్కడ మన తెలుగు శాఖకి సంబంధించిన విషయం ఒకటి చెప్పాలి. డాక్సీసైక్లిన్ వంశానికి మూలపురుషుడు ఆరియోమైసిన్. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని ఒక గడ్డిపొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి, డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో దాన్ని కనుక్కున్నాడు. ఆ జీవి బంగారు రంగులో పెరుగుతుంది, పేరులోని 'ఆరియో' ఆ బంగారమే. ఆ పరిశోధనలన్నిటికీ డైరెక్టరు మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, తిరువళ్ళిక్కేణి హిందూ హైస్కూల్లో, ప్రెసిడెన్సీ కాలేజీలో, సెంట్రల్ స్టేషన్ ఎదుటి మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ థియేటరుకి వెళ్ళినందుకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, తక్కువ డిగ్రీ ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. 1922లో అమెరికా వెళ్ళారు. 1948లో ఆరియోమైసిన్ లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలోనే పోయారు. దాని వంశంలో పుట్టిన డాక్సీసైక్లిన్ 1967లో మరో కంపెనీ నుంచి బజారుకొచ్చింది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. అమ్మ ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది కూడా సుబ్బారావు గారి బృందమే! ఒక తెలుగాయన ప్రయోగశాలతో చుట్టరికమున్న రెండు మందులు మా వంటింటి గూట్లో ఒకే డబ్బాలో ఉన్నాయి. వాటిని కలిపి మింగకూడదన్న కబురు మాత్రం మా ఇంటికి తెలుగులో రావడానికి ఒక అర్ధరాత్రి ఆటో కావాల్సి వచ్చింది.

ఇప్పుడు మొటిమల వాళ్ళకి. మీరు వారాలూ నెలలూ వాడతారు కాబట్టి కొన్ని విషయాలు మీకే ఎక్కువ అవసరం. ఈ మందు వాడేటప్పుడు ఎండకి చర్మం త్వరగా కాలిపోతుంది. ఎన్.సి.సి. పరేడ్ వాళ్ళు గొడుగో టోపీయో చూసుకోండి. ఆడవాళ్ళకి కింద దురద, తెల్లబట్ట రావచ్చు. లోపలి మంచి బ్యాక్టీరియా తగ్గి బూజు జాతి పెరగడం వల్ల అది. సిగ్గుపడి దాచకుండా డాక్టరుకి చెప్పాలి. మొటిమలకే ఇచ్చే ఐసోట్రెటినాయిన్‌తో దీన్ని కలపకూడదు. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే వెళ్ళాలి. అక్క మొహం బాగైందని అక్క అట్టలోంచి చెల్లి వేసుకోవడం, ఇది మన హాస్టల్లో నడుస్తోందని నాకు తెలుసు.

ఈ పంచుకోవడం దగ్గరే మా వీధిలో నాకు చెడ్డపేరు వచ్చింది. అమ్మకి నయమైంది. షాపులో అట్టని కత్తిరించకుండా ఇచ్చేశారు కాబట్టి ఆరు మిగిలాయి. జనవరిలో పక్కింటి పెద్దమ్మ వచ్చి, "కోడలికి జ్వరం, మీ అమ్మకి పనిచేసిన మాత్ర రెండియ్యమ్మా" అంది. వదినకి అయిదో నెల. అమ్మ గూట్లో చెయ్యి పెట్టింది. నేను అట్ట లాక్కున్నాను. గర్భంలో బిడ్డకి ఎముకలూ పళ్ళూ కట్టే కాలంలో ఈ జాతి మందులు ఆ సున్నాన్నే పట్టుకుని అక్కడే ఉండిపోతాయి. మా మేనమామ పళ్ళే దానికి సాక్ష్యం. చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడల్లా టెట్రాసైక్లిన్ పోశారు, ఇప్పటికీ బూడిదరంగు చారలు, ఫోటో తీస్తే నోరు మూసుకునే నవ్వుతాడు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకీ, గర్భిణులకీ డాక్టరు తప్పనిసరి అనుకుంటే తప్ప ఇవ్వరు.

ఇవన్నీ చెప్పాను. పెద్దమ్మ వినలేదు. "రెండు మాత్రలకి ఇంత లెక్కా! చదువుకున్నదానివి" అని గుమ్మం దిగిపోయింది. అమ్మ కూడా ఆ పూట నాతో మాట్లాడలేదు. ఎన్నూరులో వరదప్పుడు మాకు రెండు రోజులు అన్నం పెట్టింది ఆ ఇల్లే. ఆమె అన్న మాట నాకు గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ అట్ట ఇవ్వలేదు. సాయంత్రం వదినని నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్ తేలింది. గర్భిణులకి పనికొచ్చే వేరే యాంటీబయాటిక్ రాశారు.

ఇలా ఒకరి అట్ట ఇంకొకరికి పోతూ ఉంటే బ్యాక్టీరియా నేర్చుకుంటుంది. టెట్రాసైక్లిన్ జాతిని ఎదిరించే బ్యాక్టీరియాల్లో కొన్ని మందుని లోపలికి రానిచ్చి మళ్ళీ బయటికి తోడేస్తాయి, మేం బిందెలతో ఇంట్లో నీళ్ళు తోడి వీధిలో పోసినట్టు. ఆ విద్యని పక్క బ్యాక్టీరియాకి జన్యువు రూపంలో అందిస్తాయి కూడా. 2012 ఆగస్టులో దేశంలోని వైద్య సంఘాలు ఈ ముప్పు గురించి కూడి చర్చించింది మన ఊళ్ళోనే. దానికి 'చెన్నై డిక్లరేషన్' అని పేరు. అట్ట మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని 2016లో ప్రభుత్వం ప్రచారం కూడా చేసింది. మీ బ్యాగులో ఉన్నది తీసి చూడండి. గడువు తీరిన టెట్రాసైక్లిన్ మూత్రపిండాలని దెబ్బతీసిన సంగతి 1960లలోనే డాక్టర్లు రాశారు, కాబట్టి పాతది దాచుకోవద్దు. మా ఇంటి ఆరింటినీ నేను తడిసిన టీ పొడిలో కలిపి, మూట కట్టి చెత్తబండికి వేశాను. కాలువలో వేయలేదు. మా కాలువలో ఇప్పటికే ఉన్నవి చాలు.

వదినకి మే నెలలో ఆడపిల్ల పుట్టింది. పెద్దమ్మ మాతో మాట్లాడటం దానికి ముందే మొదలుపెట్టింది, కానీ క్షమించి కాదు, పని పడి. ఫిబ్రవరిలో ఒక రోజు ఆస్పత్రి కవర్లు అన్నీ కొంగులో పోసుకుని వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. కోడలికి ఐరన్ ఒకటి, క్యాల్షియం ఒకటి, ఇంకేదో ఒకటి ఇచ్చారట. "ఏది ఎప్పుడో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి, నా కళ్ళకి ఆనేట్టు" అంది. ఐరన్, క్యాల్షియం కూడా కలిపి వేసుకోకూడదు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అని స్కెచ్ పెన్నుతో రాసిచ్చాను. చదువుకుని, "'క్యాల్షియం' అని రాస్తే నాకేం తెలుస్తుందే, 'తెల్లది' అని రాయి" అంది. కొట్టేసి, తెల్లది అని రాశాను.